ఇల్లు ముందా, కాపురం ముందా

‘ద సిమ్స్ 4’ అనే కంప్యూటర్ ఆట 2014 సెప్టెంబరులో విడుదలైనప్పుడు అందులో ఈతకొలను లేదు. తప్పటడుగులు వేసే పిల్లలు లేరు. ఉయ్యాలలోని పసికందు పెరిగితే ఏకంగా బడికెళ్లే వయసు వచ్చేసేది. రెండో భాగంలోనూ మూడో భాగంలోనూ ఉన్న ఆ ముద్దు ముచ్చట నాలుగోదాంట్లో మాయమవడం ఈ ఆటంటే ఇష్టపడేవాళ్లకు మింగుడుపడలేదు. నాకూ పడలేదు. సీక్వెల్ అంటే ముందుకు పోవాలి కదా అని అందరం అడిగాం. ఇన్నేళ్లు ఆడాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బతుకునే ఆటగా మలిచినప్పుడు, అసలు ముందుకు పోవడమంటే ఏమిటి?

వేరే ఆటల్లో ఈ లెక్క తేలిక. కార్ల పందెమైతే కొత్త దారులు రావాలి, యుద్ధమైతే శత్రువు తెలివి మీరాలి. సిమ్స్‌లో గెలుపు లేదు. ఒక ఇల్లు, అందులో కొందరు మనుషులు, వాళ్ల ఆకలి, నిద్ర, ఉద్యోగం, ప్రేమ, తగువులు. అంతే. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మన పెద్దల మాటను ఇంత నిండుగా ఆడించే ఆట నాకు మరొకటి కనబడలేదు.

నిజానికి ఇది ఇంటితోనే మొదలైంది. 1991లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో చెలరేగిన మంటల్లో గేమ్ డిజైనర్ విల్ రైట్ ఇల్లు కాలిపోయింది. మళ్లీ ఒక్కొక్కటే సమకూర్చుకుంటూ, మనిషికి నిజంగా ఏయే వస్తువులు కావాలన్న ఆలోచనలో పడ్డాడాయన. వాస్తుశిల్పి క్రిస్టఫర్ అలెగ్జాండర్ ఆలోచనలూ ఆయన మీద పనిచేశాయి. మొదట అనుకున్నది ఇళ్లు కట్టే ఆట. కట్టిన ఇల్లు పనికొస్తుందో లేదో తేల్చడానికి అందులో తిరిగే మనుషుల్ని పెట్టారు. తీరా చూస్తే ఇంటి కన్నా ఆ మనుషుల్నే చూడబుద్ధేసింది. 2000 ఫిబ్రవరిలో మాక్సిస్ సంస్థ తెచ్చిన ‘ద సిమ్స్’ అలా రూపు కట్టింది. ఇల్లు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా అన్న ఆ లాగులాట తర్వాతి భాగాలన్నిటిలోనూ సాగింది.

2004లో వచ్చిన ‘ద సిమ్స్ 2’ మనుషుల వైపు మొగ్గింది. మొదటి ఆటలో పెద్దవాళ్లకు ముసలితనం లేదు, పిల్లలు ఎన్నాళ్లు ఆడినా పిల్లలే. రెండో భాగం వాళ్లకు వయసునిచ్చింది, ముసలితనం చివర వచ్చే చావునూ ఇచ్చింది. తల్లి కళ్లు, తండ్రి ముక్కు పిల్లలకు వచ్చాయి. ప్రతి మనిషికీ కోరికలూ భయాలూ ఏర్పడ్డాయి. తొలిముద్దు, అయినవాళ్ల చావు లాంటివి జ్ఞాపకాలుగా నిలిచాయి. మొదటి ఆటలోని గోత్ కుటుంబం ఇందులో పాతికేళ్ల తర్వాత మళ్లీ ఎదురవుతుంది. ఇంటి పెద్ద మోర్టిమర్ ముసలివాడయ్యాడు, చిన్నపిల్ల కసాండ్రా పెళ్లీడుకొచ్చింది, ఇంటి ఇల్లాలు బెల్లా కనబడకుండా పోయింది. ఆమె ఏమైందన్న చర్చ ఇప్పటికీ తెగలేదు.

నేను ఆడే పద్ధతి ఒకటే. ఒక కుటుంబాన్ని పట్టుకుని మనవల దాకా తీసుకెళ్లడం. రెండో భాగంలో ఆ పని చేస్తున్నప్పుడు ఒక పెళ్లి సంబంధం కలపాలన్నా, ఒక తగువు పెట్టాలన్నా చెయ్యి వెనక్కి తగ్గేది. దాని ఫలితం ఆ మనిషికి జీవితాంతం గుర్తుంటుందని తెలుసు, ఆ జీవితానికి ముగింపు ఉందనీ తెలుసు. ఆటలో ఒక పనికి బరువు రావడమంటే అదే.

2009 నాటి మూడో భాగం గడప దాటింది. ఊరంతా ఒకే ప్రపంచమైంది. మనిషి ఇంట్లోంచి బయల్దేరి పార్కుకీ పక్కింటికీ మధ్యలో లోడింగ్ అడ్డం లేకుండా వెళ్లొచ్చు. మనం చూడని కుటుంబాల్లోనూ పెళ్లిళ్లు జరుగుతాయి, ఉద్యోగాలు మారతాయి, కొందరు ఊరే వదిలిపోతారు. ఇందుకు మామూలు కంప్యూటర్లు ఆయాసపడ్డాయన్నది నిజమే. అయినా మన ప్రమేయం లేకుండా బతికే ఇరుగుపొరుగు ఉండడం వల్ల మన కుటుంబం కూడా నిజమనిపించింది.

నాలుగో భాగం మళ్లీ ఇంటికొచ్చింది. కట్టడంలో దానికి సాటి లేదు. గదిని గదిగా పట్టుకుని జరపొచ్చు, ఇంటినంతా ఎత్తి స్థలంలో మరోచోట పెట్టొచ్చు, కట్టినదాన్ని ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టి ప్రపంచానికి పంచొచ్చు. ముఖాల్లో భావాలు ముందెన్నడూ లేనంత స్పష్టంగా పలుకుతాయి. మనుషులు తింటూనే కబుర్లు చెప్పుకుంటారు. కానీ ఊరు ముక్కలైంది, ముక్కకీ ముక్కకీ మధ్య లోడింగ్ తిరిగొచ్చింది. పెద్దవాళ్లకు మూడో భాగం ఐదు స్వభావ లక్షణాలు ఇస్తే, ఇది మూడే ఇచ్చింది. నన్ను ఎక్కువగా బాధపెట్టింది వేరే సంగతి. గదిలో అందమైన సామాను పెడితే మనిషికి సంతోషం కలుగుతుంది. ఆ సంతోషం తరచూ మిగతా భావాలన్నిటినీ తొక్కేసేది. కష్టంలో ఉన్న మనిషి బాధను గోడ మీది బొమ్మ తుడిచేస్తే, ఆ బాధకు విలువెక్కడుంది? ఇంటికీ మనిషికీ మధ్య లాగులాటలో ఇక్కడ ఇల్లు గెలిచింది.

అయితే ఈ భాగం విడుదల రోజున ఆగిపోలేదు, అందుకు తయారుచేసినవాళ్లను మెచ్చుకోవాలి. ఈతకొలను 2014 నవంబరులోనే ఉచితంగా వచ్చింది. తప్పటడుగుల పిల్లలు 2017 జనవరిలో వచ్చారు, అంతవరకూ ఎదురుచూసినందుకు తగ్గట్టు అలకలూ అల్లరీ అన్నీ తెచ్చుకుని వచ్చారు. ఉయ్యాలకు అతుక్కుపోయిన పసికందు 2023 మార్చిలో నేల మీదికి దిగి పాకింది. అదే నెలలో వచ్చిన ‘గ్రోయింగ్ టుగెదర్’ ప్యాక్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను మైలురాళ్లుగా నమోదు చేయడం మొదలుపెట్టింది. 2004లో అసలు ఆటలోనే దొరికిన జ్ఞాపకానికి దగ్గరైనదాన్ని వేరే డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి రావడం మాత్రం నాకు న్యాయమనిపించదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఇల్లు కట్టాలనే సరదా ఉన్నవాళ్లు నాలుగో భాగంతో మొదలుపెట్టండి. అసలు ఆట 2022 అక్టోబరు నుంచి ఉచితమే. కాపురం చేయించి చూడాలనుకునేవాళ్లు మాత్రం రెండో భాగానికే వెళ్లండి. సిమ్స్ పాతికేళ్ల పండగ సందర్భంగా 2025 జనవరిలో మొదటి రెండు భాగాలనూ ఇప్పటి కంప్యూటర్లలో నడిచేలా మళ్లీ అమ్మకానికి పెట్టారు. రెండో భాగాన్నీ నాలుగోదాన్నీ పక్కపక్కన ఆడి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇకముందు ఎవరు ఇలాంటి ఆట చేసినా నేను గోడల నునుపు చూడను, జుట్టు మెరుపు చూడను. నిన్న జరిగింది ఆ మనిషికి ఇవాళ గుర్తుందా, నేను చూడనప్పుడు పక్కింట్లో ఏదైనా జరిగిందా అని చూస్తాను. ఈ రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే దాన్ని సీక్వెల్ అంటాను.