ఇంటిదారి పందెం

హైదరాబాదు పాతబస్తీలో పావురాలంటే ఎంత మోజో చెప్పడానికి హుసేనీ ఆలం దగ్గరి కబూతర్ ఖానా పేటే సాక్ష్యం. చార్మినార్‌కు కూతవేటు దూరంలో ఉన్న మహబూబ్ చౌక్‌ను జనం ముర్గీ చౌక్ అంటారు గానీ, అక్కడ కోళ్ళతోపాటు పావురాలూ అమ్ముతారు. కొత్తగా కొనేవాడు రంగు చూసి మురిసిపోతాడు. తెలిసినవాడు రెక్క విప్పి ఈకల వరస చూస్తాడు, రొమ్ము ఎముక తడుముతాడు, కంటిపాప చుట్టూ ఉన్న వలయాన్ని వెలుగులో పరీక్షిస్తాడు. కన్ను చూసి పందెం పక్షిని పోల్చవచ్చన్న నమ్మకం యూరప్‌లోనూ ఉంది. రుజువు మాత్రం దొరకలేదు.

ఈ సరదా దర్బారుల్లోనూ వెలిగింది. అక్బరు దగ్గర 20,000కు పైగా పావురాలుండేవని, జాతులను కలిపి మేలురకాలు తీయించేవాడని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో రాశాడు.

పందేలలో ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది హై ఫ్లయర్లది. వాటికి దూరంతో పనిలేదు. పొద్దున్నే డాబా మీంచి వదిలితే నలుసంత కనిపించేదాకా పైకిపోయి, గంటల తరబడి అక్కడే తిరగాలి. ఎక్కువసేపు నిలిచిన పక్షిది గెలుపు. అయితే దిగడం సొంత డాబా మీదే దిగాలి, పొరుగింటి మీద వాలితే అంతసేపు ఎగిరిందీ వృథా. ఇక్కడ అసలు విద్యంతా మేతలో ఉంది. సజ్జలు, జొన్నలు ఎక్కువైతే ఒళ్ళు బరువెక్కి పైకి లేవదు, తక్కువైతే ఆకలికి తొందరగా దిగిపోతుంది.

రెండోది హోమర్. 19వ శతాబ్దంలో బెల్జియం పెంపకందారులు దూరప్రయాణం కోసమే తీర్చిదిద్దిన జాతి ఇది. గంటకు 70, 80 కిలోమీటర్లు పోగలదు, గాలి అనుకూలిస్తే ఇంకా ఎక్కువే. గుడ్డులోంచి వచ్చిన వారం అటూఇటూగా కాలికి రింగు తొడుగుతారు. ఆలస్యమైతే పాదం పెరిగి అది ఎక్కదు. ముందు డాబా చుట్టుపక్కల చూపు మరగనిచ్చి, తర్వాత బుట్టలో పెట్టి కొద్ది కిలోమీటర్ల దూరం తీసుకెళ్ళి వదులుతారు. తిరిగి వచ్చిన కొద్దీ దూరం పెంచుతారు. పందెంలో పక్షులన్నిటినీ ఒకేచోట వదిలినా ఒక్కోదాని గూడు ఒక్కో దూరంలో ఉంటుంది కదా! అందుకే ముందొచ్చింది గెలిచినట్టు కాదు. దూరాన్ని పట్టిన సమయంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్లో లెక్క తేలుస్తారు.

వేగం పెంచడానికి ఒక చిట్కా ఉంది, కాస్త క్రూరమైనదే. పందేనికి ముందు జంటను విడదీస్తారు. బయల్దేరే ముందు మగపక్షికి పెంటిని క్షణకాలం చూపించి బుట్టలో పెడతారు. ఇక అది ఇంటికి ఆగకుండా వస్తుంది. పావురాల్లో పొదగడం, గొంతు సంచిలో ఊరే పాలు పిల్లలకు పట్టడం ఆడామగా రెండూ చేస్తాయి కాబట్టి గూటి మీద మమకారం మగదానికీ గట్టిదే.

దారి ఎలా తెలుస్తుంది? సూర్యుడి స్థానం, భూమి అయస్కాంత శక్తి, వాసనలు అన్నీ సాయపడతాయంటారు. తెలిసిన ప్రాంతంలో కొన్ని పావురాలు రోడ్ల వెంబడే ఎగిరి, కూడళ్ళ దగ్గర మలుపు తిరుగుతాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు గమనించారు.

ఒడిశా పోలీసులు 1946లో పావురాల తపాలా మొదలుపెట్టింది ఇలా ఇంటిదారి పట్టే గుణాన్ని నమ్మే. 1948లో సంబల్‌పూర్‌లో ఉన్న నెహ్రూ కటక్ అధికారులకు పంపిన సందేశాన్ని మోసుకెళ్ళింది అలాంటి పావురమే. ఇలాంటి పక్షులకు ధరా తక్కువేం కాదు, 2020లో న్యూ కిమ్ అనే బెల్జియం పెంటి వేలంలో 16 లక్షల యూరోలు పలికింది. పావురాలు పెంచేవాళ్ళకు గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు మాస్కు మాత్రం తప్పనిసరి. రెట్టల దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

డేగ నుంచి తప్పించుకున్న పక్షి కూడా సంక్రాంతి రోజుల్లో పతంగి దారానికి రెక్క తెగి పడుతోంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. పతంగి ఎగరేసేవాళ్ళు ఈసారి గాజుపొడి లేని నూలుదారమే కొనండి.