దరఖాస్తు ఎవరు నింపాలి?

నీట్ ఫలితాలు వచ్చాయంటే తిరుపతి, చిత్తూరు బస్టాండ్ల చుట్టూ కొత్త ఫ్లెక్సీలు లేస్తాయి. ఈ వారం మళ్లీ లేచాయి. ఫిలిప్పీన్స్‌లో బీఎస్-ఎండీ, ఒకే అడ్మిషన్, ఆరేళ్లలో డాక్టరు, కాగితాల పనంతా మేమే చూసుకుంటాం అని. ఇందులో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ ఆఖరి మాట. కోర్సు గురించి గొప్పలు చెబితే నలుగురిని అడిగి నిజం తెలుసుకోవచ్చు. పదిహేడేళ్ల పిల్లవాడి దరఖాస్తును ఒకరు నింపి, ఇంకొకరు సంతకం చేయాల్సిన చోట వేలు పెట్టి చూపించి, మరొకరు పంపించేస్తే, తాను దేనికి ఒప్పుకున్నాడో ఆ పిల్లవాడికే తెలియకుండా పోతుంది. రెండు డిగ్రీలు ముడిపెట్టిన చదువుకు ఆ తెలియకపోవడం చాలా ఖరీదైనది. ఈ కాలమ్ చదివేవారికి రెసిడెన్షియల్ కాలేజీల మీద నా కోపం కొత్త కాదు. ఈ జబ్బుకూ వేరు అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు ఆ రెండు డిగ్రీల సంగతి. మన దగ్గర బైపీసీ అయ్యాక నేరుగా ఎంబీబీఎస్. బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచి వచ్చిన పద్ధతి. అమెరికా దారి వేరు. 1893లో తెరిచిన జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల డిగ్రీ ఉన్నవాళ్లనే చేర్చుకుంటానంది. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక దాన్నే ఆదర్శంగా చూపాక మిగతా కళాశాలలూ అటే నడిచాయి. 1898లో అమెరికా చేతికి వెళ్లి 1946లో స్వతంత్రమైన ఫిలిప్పీన్స్‌కు కూడా ఆ పద్ధతే అబ్బింది. అందుకే అక్కడ ముందొక డిగ్రీ, తర్వాత ఎన్‌మ్యాట్ అనే ప్రవేశ పరీక్ష, ఆపైన మామూలుగా నాలుగేళ్ల ఎండీ. మన పిల్లలు దవావోకో మనీలాకో వెళ్లి చదివే బీఎస్ ఆ ముందు డిగ్రీయే. అక్కడివాళ్ల దృష్టిలో అది వైద్య విద్య కాదు, వైద్య విద్యకు అర్హత మాత్రమే. మన ఊళ్లలో మాత్రం దాన్ని ఎంబీబీఎస్ మొదటి రెండేళ్లుగా అమ్మారు.

ఆ అమ్మకానికి 2021 నవంబర్ 18న పెద్ద దెబ్బ తగిలింది. ఆ రోజు జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన విదేశీ వైద్య పట్టభద్రుల నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఇంగ్లిషులో సాగాలి, అదే సంస్థలో ఇంకో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. చదివిన దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీసు చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. చేరిన పదేళ్లలోపు అంతా ముగియాలి. నాలుగేళ్ల ఎండీ అంటే 48 నెలలు. బీఎస్‌ను కలిపితే లెక్క సరిపోతుందనుకున్నారు గానీ కమిషన్ దాన్ని కలపనివ్వలేదు. పైగా ఫిలిప్పీన్స్ 1987 రాజ్యాంగం వృత్తులను, చట్టం మినహాయించిన సందర్భాల్లో తప్ప, తమ పౌరులకే పరిమితం చేసింది. ఈ నిబంధనలు చెల్లవంటూ వేసిన వ్యాజ్యంలో 2022 మేలో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. నిబంధనలు రేపు మారవచ్చు కదా అని ఏజెంట్లు అంటారు. మారవచ్చు. మారతాయన్న ఆశ మీద మామిడి తోట తాకట్టు పెట్టమని ఎవరికీ చెప్పలేం.

మరి సీటు రానివాళ్లు ఏం కావాలి? ఇది గట్టి ప్రశ్నే, తేలిగ్గా దాటవేయడం తప్పు. నీట్‌లో దేశమంతా అర్హత సాధించేవాళ్లు పది లక్షలకు పైన, ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మన దగ్గర తిరుపతిలో 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది. స్విమ్స్ కింద 2014లో వచ్చిన పద్మావతి కళాశాల ఆడపిల్లలకు మాత్రమే. చిత్తూరు అపోలో, కుప్పం పీఈఎస్ ప్రైవేటువి. యాజమాన్య కోటా ఫీజు చూసి గుండె జారిన తండ్రికి విదేశం చవకగా కనబడితే అది అత్యాశ కాదు. అక్కడ చదివి వచ్చి మంచి వైద్యులైనవాళ్లు మన జిల్లాల్లోనే ఉన్నారు, వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్ఎంజీఈ అనే పరీక్షలో 300 ప్రశ్నలకు 150 మార్కులు రావాలి, 2024 జూన్ విడతలో గట్టెక్కింది దాదాపు ఐదుగురిలో ఒక్కరే. చవక అనేది ఈ లెక్క కూడా వేశాక అనాల్సిన మాట.

ఇక రెండో దారి, అమెరికాలోని అసలైన ఉమ్మడి కోర్సులు. హైస్కూలు చివరి ఏడాదిలోనే డిగ్రీ సీటు, మెడికల్ సీటు రెండూ ఒకేసారి ఇస్తారు. బ్రౌన్ యూనివర్సిటీలో ఇది ఎనిమిదేళ్ల కార్యక్రమం, విదేశీయులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎక్కువ చోట్ల పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేనిదే దరఖాస్తే తీసుకోరు. విదేశీయులకు ప్రభుత్వ విద్యారుణం లేదు. కొన్ని వైద్య కళాశాలలు ఏళ్ల ఫీజును ముందే డిపాజిట్‌గా చూపించమంటాయి. ఈ షరతుల వల్ల బాగా నలిగిపోతున్నది మన తెలుగు ఇళ్ల పిల్లలే. తండ్రి హెచ్1బీ వీసా మీద, కూతురు హెచ్4 మీద. రెండో తరగతి నుంచి అక్కడే చదివినా దరఖాస్తులో ఆ అమ్మాయి విదేశీ విద్యార్థే. ఇరవై ఒకటి నిండగానే హెచ్4 పోతుంది కాబట్టి ఎనిమిదేళ్ల చదువు మధ్యలో ఎఫ్1కు మారాలి. తిరుపతిలో ఉన్న తాతయ్య, అమ్మమ్మ ఆమెను అమెరికా పిల్ల అనుకుంటారు. అమెరికా అలా అనుకోదు.

ఇంతవరకు చదివినవారికి ఈ దరఖాస్తుల జోలికే పోవద్దంటున్నానని అనిపించి ఉంటుంది. నా ఆలోచన కూడా అటే సాగింది. అయితే ఆ అమెరికా దరఖాస్తుల్లో అడిగేవి వరుసగా పెట్టుకుని చూస్తే మనసు మారక తప్పదు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు? జబ్బుపడ్డవాళ్ల దగ్గర ఎంతకాలం గడిపావు, ఏం చూశావు? నిన్ను దగ్గరగా ఎరిగిన టీచర్లు ఏమంటారు? అన్నిటికన్నా బరువైనది ఇంకోటి: నాలుగేళ్ల డిగ్రీ అయ్యాక తేల్చుకోవచ్చు కదా, ఇప్పుడే ఎందుకు కట్టుబడతావు? మన బైపీసీ పిల్లలు పదిహేనేళ్లకే కట్టుబడిపోతారు. వాళ్లను ఈ ప్రశ్న ఇంట్లో అడగరు, కాలేజీలో అడగరు, నీట్‌లోని 180 ప్రశ్నల్లో అసలే ఉండదు. తెల్లవారకముందు స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజులో ఆ పిల్లవాడు తనను తాను ప్రశ్నించుకునే సందు కూడా లేదు. ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్, ఆ తర్వాత ఏజెంటు.

ఇలాంటి ప్రశ్నలు డాక్టర్ల పిల్లలకే లాభమని, ఆస్పత్రి గడప తొక్కే వీలు వాళ్లకే ఉంటుందని విమర్శ ఉంది. అమెరికాలోనూ ఉంది, అందులో నిజం ఉంది. నేను ఆ ప్రశ్నలకు రాసే వ్యాసాలకు మార్కులేసి సీట్లివ్వమనడం లేదు. అలా చేస్తే వ్యాసాలు రాసిపెట్టే కోచింగ్ సెంటర్లు మరుసటి నెలే తెరుచుకుంటాయి. మార్కులు లేకపోయినా ఆ ప్రశ్నలకు జవాబు వెతికే వీలు పిల్లలకు ఉండాలంటున్నాను. దానికి తిరుపతి కన్నా అనువైన ఊరు రాయలసీమలో లేదు. రుయా, స్విమ్స్ ఆస్పత్రులకు కడప, అనంతపురం, నెల్లూరు నుంచి కూడా రోగులు వస్తారు. వాళ్లలో చాలామందికి ఓపీ చీటీ మీద ఏముందో, ఏ గదికి వెళ్లాలో చెప్పే మనిషి కావాలి. ఆ సాయం చేయడానికి మేనమామ డాక్టరై ఉండక్కర్లేదు. వార్డుల్లోకి పిల్లలను పంపితే రోగుల మర్యాద ఏమవుతుందని అడిగితే, వార్డుల్లోకి వద్దు, ఓపీ క్యూ దగ్గర చాలు. శ్రీవారి సేవకు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లను ఏళ్లుగా పద్ధతిగా నడిపిస్తున్న చోట ఇంటర్ పిల్లలకు వారానికో పూట సేవ ఏర్పాటు చేయడం అసాధ్యం కాదు. అడ్డం వచ్చేది కాలేజీ టైంటేబులే.

అలా కొన్ని నెలలు క్యూ దగ్గర నిలబడ్డాక వైద్యం నా వల్ల కాదనుకునే పిల్లలు కొందరుంటారు. వాళ్లు ఎస్వీ యూనివర్సిటీలోనో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో మంచి సైన్సు చదువుకోవచ్చు, ఇంటి మీద అప్పు ఉండదు. ఇదే కావాలనుకున్నవాళ్లు మనీలాకు పెట్టుకున్నా, బ్రౌన్‌కు పెట్టుకున్నా తమ చేత్తో పెట్టుకోవాలి. తమ పేరుతో ఈమెయిలు రాసి మూడు సంగతులు అడగాలి: వైద్య కోర్సు ఒక్కటే ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ మీ దగ్గరేనా, మీ దేశంలో నాకు లైసెన్సు ఇస్తారా. వచ్చిన జవాబును కమిషన్ నిబంధనల పక్కన పెట్టి తామే చదవాలి. ఆ జవాబు చేతికి వచ్చేదాకా ఏజెంటుకు అడ్వాన్సు కట్టొద్దని నాన్నకు చెప్పాల్సింది కూడా ఆ పిల్లలే.