‘పెళ్ళి చూపులు’ చిత్రంలో తండ్రి మాట, కొడుకు పని

తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో 2016 జూలై 29న విడుదలై, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన ‘పెళ్ళి చూపులు’ను వట్టి వినోద చిత్రమని కాపరులు పక్కన పెట్టుట తగదు. వివాహం కంటె పనిని గూర్చియే ఈ చిత్రం ఎక్కువగా మాట్లాడుతున్నది.

ఎలాగో ఇంజనీరింగు ముగించిన ప్రశాంత్ (విజయ్ దేవరకొండ)కు వంటపై మక్కువ. తండ్రి దృష్టిలో అది పనే కాదు. మంచి సంబంధం కుదిరితే కొడుకు బాగుపడతాడని ఆయన ఆశ. చిరునామా పొరబడి వేరొకరి ఇంటికి చేరి, తలుపు బిగుసుకున్న గదిలో చిత్ర (రీతూ వర్మ)తో చిక్కుకుంటాడు. ఆమెది ఫుడ్ ట్రక్ ఆలోచన. ఆపైన అసలు సంబంధం వారు, ముందు పనిచేసి చూపించమనగా, అతడు ఆమె ట్రక్కులో చేరతాడు. చిత్రంలో మిక్కిలి సజీవమైన భాగం ఇదే. ప్రియదర్శి పలికే తెలంగాణ మాటలో నవ్వున్నది గాని యాసను వెక్కిరించుట లేదు. ప్రేమకథ మాత్రం ముందే ఊహించదగినది.

మంచిర్యాలలో ఈ కథను చూచేవారికి మరొక ప్రశ్న ఎదురగును. ఇక్కడ కొడుకు పని అనగా తరచు తండ్రి పనియే. అదే 2016లో ప్రకటించబడిన సింగరేణి వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసినప్పుడు ఎన్నో ఇండ్లలో ఆశ కూలింది. తరువాత కారుణ్య నియామకాలు వచ్చినవి. అనగా తండ్రి మరణించినా, మెడికల్ అన్‌ఫిట్ అయినా కొడుకు బాయిలోకి దిగవచ్చును. తండ్రి ఊపిరి ఖరీదుగా దొరికిన ఉద్యోగాన్ని వద్దని, నాకు వంట ఇష్టమని చెప్పుట ఏ కొడుకుకు సులభము?

యాకోబు, యోహానులు తండ్రియైన జెబెదయిని దోనెలో విడిచి వెళ్లిరి (మార్కు 1:20). పిలుపును గూర్చి ఈ వచనాన్ని తరచు ప్రసంగించుదుము. ఆ దోనెలో జీతగాండ్రు కూడ ఉన్నారను సంగతిని మాత్రం దాటిపోవుదుము. జెబెదయి ఒంటరివాడు కాలేదు. ప్రశాంత్ తండ్రికి కూడ కొడుకు ఎంపికవలన పోయేదేమీ లేదు, కొంత పరువు తప్ప. కాబట్టియే ఈ చిత్రం అంత తేలికగా నవ్వగలుగుచున్నది. ఆ తండ్రి శ్రీరాంపూర్‌లోనో మందమర్రిలోనో అన్‌ఫిట్ కాగితానికై ఎదురుచూచే కార్మికుడైతే, ఇదే సంభాషణకు హాలులో నవ్వు వచ్చునా అన్నది సందేహమే.