ఏటి రాళ్ల మీది పువ్వు

తక్కిన అజేలియాలన్నీ వసంతంలో పూసి రాలిపోయాక సత్సుకి వంతు వస్తుంది. జపాన్‌లో వానలు పట్టుకునే ముందు, మే చివర్లో, ఇంచుమించు మన జ్యేష్ఠ మాసంలో పూత మొదలవుతుంది. మోకాలెత్తు పొద, వేలి కణుపంత ఆకులు, ఆ ఆకుల్ని పూర్తిగా కప్పేసే పూలు. వసంతంలో వచ్చిన ఆకుల్ని శరత్తులో రాల్చేసినా మోడు మాత్రం కాదు. వేసవిలో పుట్టిన చిన్న ఆకులతోనే మంచుకాలం గడిపేస్తుంది. మే ఆఖర్లో టోక్యోలోని ఉయెనో పార్కులో సత్సుకి ప్రదర్శన జరుగుతుంది. అక్కడ ఒక్కో కుండీ ముందు జనం చాలాసేపు నిలబడేది పూల సంఖ్య చూసి కాదు, ఒకే చెట్టుకు నాలుగు రకాల పూలు కనబడటం వల్ల.

ఈ మొక్కను పెంచే పద్ధతులు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని మరీ చాదస్తంగా తోస్తాయి. అయితే సత్సుకి అసలు ఎక్కడి మొక్కో తెలుసుకుంటే వాటికి అర్థం దొరుకుతుంది. దీని ముఖ్య పూర్వీకుడు కొండవాగుల ఒడ్డున రాళ్ల సందుల్లో పెరిగే అడవి జాతి. మరో పూర్వీకుడు క్యూషూకు దక్షిణాన ఉన్న దీవుల వాడు. వాగు పొంగితే పొద మునుగుతుంది, వరద తీయగానే రాళ్ల మధ్య నీళ్లన్నీ జారిపోతాయి. అంటే వేళ్లకు తడి కావాలి, నిలవ నీరు పనికిరాదు. జపాన్ తోటమాలులు మూడు నాలుగు వందల ఏళ్లుగా చేస్తున్నదల్లా ఆ వాగు ఒడ్డును కుండీలోకీ గుడి తోటలోకీ తెచ్చిపెట్టడమే.

మట్టి సంగతి ముందు చెప్పాలి. తొచిగి ప్రాంతంలో కనుమ అనే పట్నం ఉంది. మన సంక్రాంతి కనుమతో దానికి చుట్టరికమేమీ లేదు. సుమారు 45,000 ఏళ్ల కిందట అకాగి అగ్నిపర్వతం ఎగజిమ్మిన బూడిదరాయి ఆ చుట్టుపక్కల పొరగా పరుచుకుంది. దాన్ని తవ్వి, ఆరబెట్టి, జల్లించి అమ్ముతారు. పసుపుపచ్చటి గుళికలు, చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, గట్టిగా నలిపితే పొడి అయిపోతాయి. ఒక్కో గుళిక తన లోపల నీటిని పట్టి ఉంచుతుంది, గుళికల మధ్య సందుల్లో గాలి ఆడుతుంది. పైగా ఆమ్ల గుణం ఉన్న మట్టి. ఇంకో సౌకర్యం కూడా ఉంది: తడిగా ఉంటే ముదురు పసుపు, ఆరితే తెల్లబడుతుంది. నీళ్లు పోయాలా వద్దా అన్నది కుండీయే చెబుతుంది. సత్సుకి పెంపకందారుల్లో చాలామంది ఇంకే మట్టీ కలపకుండా దీన్నే వాడతారు. నాటే ముందు జల్లెడ పట్టి మెత్తటి పొడిని పారేయడం మాత్రం ఎవరూ మానరు, ఎందుకంటే ఆ పొడి అడుగున చేరితే బురదై నీటి దారి మూసేస్తుంది.

ఆమ్లం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, కారణం ఇనుము. క్షార గుణం ఉన్న నేలలో ఇనుము ఎంత ఉన్నా కరగదు, వేళ్లకు అందదు. అప్పుడు కొత్త ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. సత్సుకి కుదురుగా ఉండాలంటే నేల పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉండాలి. సున్నపు గడ్డలు తేలే నల్లరేగడి, బిందె అడుగున తెల్లటి పొర కట్టే బోరు నీళ్లు ఉన్నచోట ఈ మొక్క కొనడం డబ్బు దండగ. ఊటీ, కొడైకెనాల్ వంటి కొండ ఊళ్ల సంగతి వేరు.

అట్లాంటా, నార్త్ కరోలినా వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అజేలియా కొత్త కాదు. అక్కడ ఇళ్ల ముందు కనబడే పొట్టి రకం 'గుంపో' సత్సుకి జాతిదే. ఆ ఎర్రమట్టిలో ఆమ్లం సరిపోతుంది, కానీ బంకమట్టి. లోతుగా గొయ్యి తవ్వి పాతితే గొయ్యి నీటి తొట్టె అవుతుంది. వెంట్రుకల్లాంటి ఈ వేళ్లు లోతుకు పోవు, పై పొరలోనే పక్కలకు పాకుతాయి. కాబట్టి వేళ్ల ముద్ద నేల మట్టం కన్నా రెండంగుళాలు పైకి ఉండేలా నాటి, చుట్టూ మట్టి ఎగదోసి, పైన పైన్ బెరడో పైన్ ఆకులో కప్పాలి. పారతో చుట్టూ గుల్ల చేయడమనే మన అలవాటు ఇక్కడ పనికిరాదు, వేళ్లు తెగుతాయి.

నీడ విషయంలోనూ అపోహ ఉంది. చిక్కటి నీడలో సత్సుకి బతుకుతుంది గాని పూయదు. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి పెద్ద చెట్టు నీడ పడే చోటు దీనికి సరి. ఎండ మరీ ఎక్కువైతే లేస్ బగ్ అనే పురుగు చేరి ఆకు అడుగున రసం పీలుస్తుంది, ఆకు పైన తెల్లటి చుక్కలు లేస్తాయి. ఎరువు కూడా తక్కువే. జపాన్‌లో ఆవ జాతి గింజల పిండిచెక్కను ఉండలు చేసి కుండీ అంచున పెడతారు. మేకలున్న ఇంట్లో మాత్రం జాగ్రత్త, ఆకుల్లో విషం ఉంటుంది.

అసలు నేర్పంతా కత్తెరలో ఉంది. పూత అయిపోగానే వాడిన పూలను అండాశయంతో సహా గిల్లేసి, అదే ఊపులో కొమ్మలు కత్తిరించాలి. జూన్ దాటిందంటే వచ్చే ఏటి మొగ్గలు కొమ్మల కొసల్లో పడటం మొదలవుతుంది; ఆ తర్వాత కత్తెర పెడితే పోయేవి పూలే. మరో చిక్కు కూడా ఉంది. చాలా చెట్లకు బలం కొసలో ఉంటే సత్సుకికి మొదట్లో ఉంటుంది. అందుకే బోన్సాయ్ చేసేవాళ్లు కింది కొమ్మల్ని గట్టిగా కత్తిరించి, పై కొమ్మల్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు. మిగతా చెట్ల మీద చేయి తిరిగినవాళ్లు ఇక్కడే తడబడతారు.

గుడి తోటల్లో ఇదే కత్తెర వేరే పని చేస్తుంది. ఒకయామ ప్రాంతంలోని తకహాషిలో రైక్యూజీ అనే ఆలయం ఉంది. అక్కడ సత్సుకి పొదల్ని వరస వెనక వరసగా సముద్రపు అలల్లా మలిచారు. ఆ తోటను 17వ శతాబ్దం మొదట్లో కొబొరి ఎన్షూ కూర్చాడని చెబుతారు. క్యోటోలోని షోదెన్‌జీలో మరీ విడ్డూరం: తెల్లటి కంకర పరిచిన ఆవరణలో రాళ్లు ఉండాల్సిన చోట గుండ్రంగా కత్తిరించిన పొదలు ఏడు, అయిదు, మూడుగా కూర్చుంటాయి. ఇలాంటి చోట్ల పూత రెండోమాట, ఆకారమే ప్రధానం.

కుండీ పెంపకందారులకు మాత్రం పువ్వే సర్వస్వం. 1692లో ఎదో (నేటి టోక్యో) నగరం పక్కన సొమెయి ఊరికి చెందిన తోటమాలి ఇతో ఇహెయి 'కిన్షూ మకురా' అనే పుస్తకం అచ్చు వేయించాడు. అందులో అజేలియా, సత్సుకి రకాలు మూడు వందలకు పైగా బొమ్మలతో సహా ఉన్నాయి. ఇన్ని రకాలకు ఒక కారణం పరాగ సంపర్కం, మరో కారణం మొక్క స్వభావమే. ఉన్నట్టుండి ఒక కొమ్మ రంగు మార్చేస్తుంది: తెల్ల పువ్వుల చెట్టుకు ఎర్ర చారలు, మధ్యలో తెలుపు, అంచున గులాబీ. అలా మారిన కొమ్మను కత్తిరించి అంటుకడితే కొత్త రకం చేతికొస్తుంది. సన్నాకుల 'చిన్‌జాన్' అలా 'ఒసకజుకి' నుంచి పుట్టిందే. చిక్కల్లా ముదురు రంగు పూసే కొమ్మలతోనే. అవి చారల కొమ్మల కన్నా జోరుగా పెరిగి, వదిలేస్తే కొన్నేళ్లలో చెట్టంతా ఒకే రంగు చేసేస్తాయి. కాబట్టి పూత మీద ఉండగానే కొమ్మలకు గుర్తులు పెట్టుకుని, ఎర్రవాటిలో ఒకటీ అరా మాత్రం ఉంచి మిగతావి తీసేస్తారు. అంటుకు చారల కొమ్మనే ఎంచుకుంటారు. జూన్ వానల్లో, ఎలాగూ కత్తిరించాల్సిన చారల కొమ్మల్నే వేలెడు ముక్కలు చేసి కనుమ మట్టిలో గుచ్చితే నెలా రెండు నెలల్లో వేళ్లు పడతాయి.