ఒకే ఫ్లాస్కు, రెండు నివేదికలు

2001 సెప్టెంబరు 18న, మళ్లీ అక్టోబరు 9న, న్యూజెర్సీలోని ట్రెంటన్ తపాలా ముద్రతో కొన్ని ఉత్తరాలు బయల్దేరాయి. మొదటి విడతవి వార్తాసంస్థలకు వెళ్లాయి. రెండో విడతవి సెనేటర్లు టామ్ డాష్‌లే, ప్యాట్రిక్ లేహీలకు వెళ్లాయి. కవర్లలో ఉన్నది ఆంత్రాక్స్ పొడి. మన పల్లెల్లో పశువులకు సోకితే దొమ్మ వ్యాధి అనే ఆ జబ్బే, అక్కడ స్టాంపు అంటించుకుని మనుషుల మీదికి వచ్చింది. 22 మందికి సోకింది. ఐదుగురు చనిపోయారు.

ఈ కేసు గురించి పుస్తకాలు చాలానే వచ్చినా ముందుగా చదవవలసినవి రెండు అధికారిక నివేదికలు. ఒకటి అమెరికా న్యాయశాఖ 2010 ఫిబ్రవరి 19న కేసు మూసేస్తూ వెలువరించిన దర్యాప్తు సారాంశం. రెండోది దాదాపు ఏడాదికి, 2011 ఫిబ్రవరి 15న, జాతీయ విజ్ఞాన అకాడమీ తరఫున ఆలిస్ గాస్ట్ అధ్యక్షతన నిపుణుల సంఘం ఇచ్చిన సమీక్ష. ఈ సమీక్ష కోరింది ఎఫ్‌బీఐయే.

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది ‘ఎవరు చేశారు’ అన్న ప్రశ్నకు పేరు చెబుతుంది: మేరీలాండ్‌లోని ఫోర్ట్ డెట్రిక్ సైనిక ప్రయోగశాలలో ఆంత్రాక్స్ టీకా మీద పనిచేసిన బ్రూస్ ఐవిన్స్, ఒంటరిగా. రెండోది ‘విజ్ఞానం ఎంతవరకు చెప్పగలదు’ అని మాత్రమే అడుగుతుంది. ఐవిన్స్ దోషా, నిర్దోషా అన్నది దాని పరిధిలో లేదు. ఈ తేడా గమనించకపోతే రెండింటినీ తప్పుగానే చదువుతాం.

రెండూ ఎదురుపడే చోటు ఒక ఫ్లాస్కు. దాని పేరు ఆర్ఎంఆర్-1029. ఎయిమ్స్ రకం ఆంత్రాక్స్ స్పోర్లు నిల్వ ఉన్న ఆ ఫ్లాస్కు ఐవిన్స్ అధీనంలో ఉండేది. ఉత్తరాల పొడిలోని బ్యాక్టీరియాను పెంచి చూసినప్పుడు కొన్ని కాలనీలు మిగతావాటికి భిన్నంగా కనబడ్డాయి. వాటిలోని నాలుగు జన్యుమార్పులను గుర్తించే పరీక్షలు తయారుచేశారు. వేర్వేరు ప్రయోగశాలల నుంచి వెయ్యికి పైగా ఎయిమ్స్ నమూనాలు సేకరించారు. నాలుగు మార్పులూ ఉన్నవి ఎనిమిదే తేలాయి. ఆ ఎనిమిదీ ఈ ఫ్లాస్కుకు చెందినవేనని దర్యాప్తు తేల్చింది. న్యాయశాఖ నివేదికకు ఇదే వెన్నెముక. 2008 ఆగస్టులో ప్రభుత్వ న్యాయవాది ఈ ఫ్లాస్కునే హత్యాయుధంగా అభివర్ణించారు.

అకాడమీ అదే ఫలితాలను చూసి మరో మాట అంది. ఫ్లాస్కుకూ ఉత్తరాలకూ సంబంధం ఉందన్న వాదనతో ఈ పరీక్షలు పొసగుతాయి, కానీ న్యాయశాఖ చెప్పినంత గట్టిగా దాన్ని రుజువు చేయవు. అలాంటి మార్పులు వేరే చోట స్వతంత్రంగా పుట్టే అవకాశాన్ని దర్యాప్తు తగినంతగా పరిశీలించలేదు. పైగా కవర్లలోని పొడి నేరుగా ఫ్లాస్కులోంచి తీసింది కాదు. మధ్యలో కనీసం మరోసారి పెంచి ఉండాలి. కాబట్టి పొడి ఎక్కడి నుంచి వచ్చిందో కేవలం విజ్ఞాన ఆధారాలతో తేల్చలేమన్నది దాని నిర్ణయం.

దీన్ని మొదటి నివేదికకు చెంపపెట్టుగా కొందరు చదివారు. నాకు అలా అనిపించదు. విజ్ఞానం ఒక్కటే నేరాన్ని రుజువు చేయదని, సాక్ష్యాలన్నీ కలిపి చూడాలని ఎఫ్‌బీఐ కూడా అంది. అసలు చిక్కు ఫ్లాస్కు దగ్గర లేదు. ఆ ఫ్లాస్కును వంద మందికి పైగా వాడుకునే వీలుండేది. అది ఏ చేతిలోంచి కవరులోకి వెళ్లిందన్నదే చిక్కు.

అక్కడికి వచ్చేసరికి న్యాయశాఖ నివేదిక పరిస్థితుల సాక్ష్యం పేరుస్తుంది. దాడులకు ముందు ఐవిన్స్ రాత్రిళ్లు ఒంటరిగా ప్రయోగశాలలో గడిపిన గంటలు, మూతపడే ప్రమాదంలో ఉన్న టీకా కార్యక్రమం, 2002 ఏప్రిల్‌లో అతను ఇచ్చిన నమూనా సరైనది కాకపోవడం, మానసిక అస్వస్థత తెలిపే ఈమెయిళ్లు. ఇందులో రాత్రి గంటల లెక్క బలమైనది. నమూనా సంగతి రెండువైపులా పదునైనది. 2002 ఫిబ్రవరిలో అతనే ఇచ్చిన తొలి నమూనాను పద్ధతి ప్రకారం లేదని నాశనం చేశారు. దాని జంట ప్రతి నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయంలో పాల్ కైమ్ ప్రయోగశాలలో మిగిలింది. తర్వాత పరీక్షిస్తే అందులో ఆ మార్పులు దొరికాయి. మోసగించదలచినవాడు మొదట సరైన నమూనా ఎందుకిచ్చాడు? మోసగించే ఉద్దేశమే లేకనా, దాన్ని బట్టి మూలం కనిపెట్టవచ్చని అప్పటికి తెలియకనా? రెండు జవాబులకూ చోటుంది. నివేదిక ఒక్కదానికే చోటిచ్చింది.

లేనివాటి జాబితా కూడా చిన్నది కాదు. ప్రిన్స్‌టన్‌లో ఉత్తరాలు వేసిన తపాలా పెట్టె దగ్గర ఐవిన్స్‌ను చూసిన సాక్షి లేడు. అతని ఇంట్లో, కారులో ఆ స్పోర్లు దొరకలేదు. ఈ ఖాళీలను నివేదిక అతని మనస్తత్వంతో పూడ్చింది. అక్కడే నేను ఆగిపోతాను. ఎందుకంటే ఇదే దర్యాప్తు అంతకుముందు స్టీవెన్ హాట్‌ఫిల్ అనే మరో శాస్త్రవేత్తను ఏళ్ల తరబడి వెంటాడింది. చివరికి 2008లో ప్రభుత్వం దాదాపు 58 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పుకుని, అతనికి సంబంధం లేదని చెప్పింది. మనిషి తీరు చూసి నేరం ఊహించడం ఒకసారి తప్పయినప్పుడు, రెండోసారి రుజువు మరింత గట్టిగా ఉండాలి.

కొన్నిచోట్ల రెండు నివేదికలూ కలుస్తాయి. పొడిని ఆయుధంగా మార్చడానికి సిలికాన్ కలిపారన్న ప్రచారానికి ఆధారం లేదని రెండూ అంటాయి. ఆ సిలికాన్ స్పోరు లోపలి పొరలో ఉంది, పైన పూసినట్టు లేదు. అయితే న్యూయార్క్ పోస్ట్ పత్రికకు వెళ్లిన ఉత్తరంలో సిలికాన్ ఎందుకంత ఎక్కువుందో వివరణ లేదని అకాడమీ దాచకుండా రాసింది. పొడి తయారీకి రెండు మూడు రోజులు చాలవచ్చు, నెలలూ పట్టవచ్చు, అది వాడిన పద్ధతిని బట్టి ఉంటుందని కూడా చెప్పింది. ఐవిన్స్ రాత్రులు సరిపోయాయన్న లెక్కకు ఇది సాయమూ కాదు, ఖండనా కాదు.

అకాడమీ నివేదికలో నాకు నచ్చింది ఈ తూకమే. దాని లోటూ అక్కడే ఉంది. అది మనిషిని చూడదు, ఈమెయిళ్లు చదవదు, రాత్రులు లెక్కపెట్టదు. అందువల్ల దాన్ని ఐవిన్స్ నిర్దోషిత్వ పత్రంగా చూపేవాళ్లు, న్యాయశాఖ చేసిన పొరపాటునే తలకిందులుగా చేస్తున్నారు.

రెండింటి పరిధిలోకీ రాని బాధ ఒకటి మిగిలింది. డాష్‌లే కార్యాలయంలో ఉత్తరం తెరిచిన అక్టోబరు 15నే సెనేట్ సిబ్బందికి మందులు మొదలయ్యాయి. అదే ఉత్తరం దాటి వచ్చిన వాషింగ్టన్ బ్రెంట్‌వుడ్ తపాలా కేంద్రాన్ని 21 దాకా మూయలేదు. అక్కడ పనిచేసే జోసెఫ్ కర్సీన్, థామస్ మారిస్ చనిపోయారు. ఆ కేంద్రానికి తర్వాత వాళ్ల పేర్లే పెట్టారు. న్యూయార్క్‌లో చనిపోయిన ఆసుపత్రి ఉద్యోగినికి జబ్బు ఎలా సోకిందో ఇప్పటికీ తెలియదు. ఆమె ఇంట్లో, పనిచోట స్పోర్లు దొరకలేదు.

ఎక్కువ సమాచారం ఇచ్చేది మొదటి నివేదిక. ఎక్కువ నమ్మదగింది రెండోది, ఎందుకంటే తన ఎల్లలేవో తానే చెప్పుకుంది. కానీ ఈ రెండింటినీ ఒకేచోట పెట్టి, సాక్షులను ప్రశ్నించి, ఎదుటి వాదన విని తేల్చవలసింది న్యాయస్థానం. అభియోగాలు సిద్ధమవుతున్న దశలో, 2008 జూలై 29న, ఐవిన్స్ ఆత్మహత్య చేసుకోవడంతో ఆ విచారణ జరగలేదు. స్వతంత్ర కమిషన్ వేయాలని న్యూజెర్సీ ప్రతినిధి రష్ హోల్ట్ పెట్టిన బిల్లు చట్టం కాలేదు. కాబట్టి ఈ కేసు గురించి రాసేవాళ్లకూ, చదివేవాళ్లకూ నా మనవి ఒకటే: ఐవిన్స్ పేరు పక్కన ‘అనుమానితుడు’ అన్న మాటే ఉండనివ్వండి. ‘దోషి’ అని ఏ న్యాయస్థానమూ తీర్పు చెప్పలేదు.