వాల్వు ఎక్కడుందో తెలిసినవాడు

మా తమ్ముడి కొడుకు కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రంలో పంపుల విభాగంలో పని చేస్తాడు. పండగకో పబ్బానికో చెంగల్పట్టులోని మా ఇంటికి వస్తుంటాడు. సాహిత్యం అతనికి పట్టదు. చెర్నోబిల్ మీద 2019లో వచ్చిన టెలివిజన్ ధారావాహికను మాత్రం మా ఇంట్లోనే కూర్చుని నాతోపాటు చూశాడు. అందులో ఒక ఘట్టం ఉంది. పేలిన రియాక్టరు కింద నీటి మడుగులున్నాయి. వాటిని ఖాళీ చేయాలంటే నీళ్లు నిండిన నేలమాళిగలోకి దిగి వాల్వులు తిప్పాలి. వెళ్లినవాళ్లు బతకరు. ఎవరు వెళతారు అని మంత్రిగారు అడుగుతాడు. హాలంతా నిశ్శబ్దం. తరవాత ఒక్కొక్కరే ముగ్గురు లేచి నిలబడి తమ పేర్లు చెబుతారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మావాడు మాత్రం పెదవి విరిచాడు.

"అదేంటి పెదనాన్నా, లేచి నిలబడటమేంటి? వాల్వు ఎక్కడుందో తెలిసినవాడు పోతాడు. తెలియనివాడు ఎంత ధైర్యవంతుడైతే ఏం లాభం?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ మాటను దగ్గర పెట్టుకుని చెర్నోబిల్ పుస్తకాలు మళ్లీ తీశాను. ఇంతకుముందు చదివినప్పుడు కనపడనివి కొన్ని ఇప్పుడు కనపడ్డాయి. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

ముందు స్వెత్లానా అలెక్సీవిచ్ గారి పుస్తకం. రష్యన్‌లో 1997లో వెలువడింది, "చెర్నోబిల్ ప్రార్థన" అని అర్థం వచ్చే పేరుతో. ఇంగ్లీషులో అనువాదాలున్నాయి, ఒకటి 2005లో, మరొకటి 2016లో వచ్చాయి. ఆవిడకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిడ బెలారూస్ రచయిత్రి, రాసేది రష్యన్‌లో. తండ్రిది బెలారూస్, తల్లిది ఉక్రెయిన్. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో ఇంకో భాషగా పెరిగిన మనకు ఇది వింతేమీ కాదు. పుస్తకమంతా స్వగతాలే. రచయిత్రి ప్రశ్న ఎక్కడో గాని వినపడదు. మనిషి మాట్లాడుతూ పోతాడు, మనం వింటూ పోతాం.

మొదటి స్వగతం లుద్మిలా ఇగ్నాతెంకోది. ఆమె భర్త వసీలీ అగ్నిమాపక దళంలో పనివాడు. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక, 1 గంట 23 నిమిషాలకు నాలుగో రియాక్టరు పేలింది. పిలుపు రాగానే వసీలీ వెళ్లాడు. మే 13న మాస్కోలోని ఆరో నంబరు ఆసుపత్రిలో చనిపోయాడు. పాతికేళ్లవాడు. ఆ పదిహేడు రోజుల్ని ఆమె చెప్పిన తీరు చదివి ఇంతకాలమైనా నేను దాని పక్కన పెట్టదగిన పేజీలు ఎక్కువ చూడలేదు. భార్య భర్తను ఎలా చూస్తుందో, ఆసుపత్రి రోగిని ఎలా చూస్తుందో, ఆ రెండు చూపులూ ఒకే మంచం దగ్గర కలుసుకున్నప్పుడు ఏమవుతుందో అందులో ఉంది. ఈ గొప్పతనాన్ని తగ్గించాలని నేను ఇది రాయడం లేదు.

కాని ఆ స్వగతంలో వసీలీ ఆ రాత్రి చేసిన పని లేదు. ఉండదు కూడా, ఆమె అక్కడ లేదు కదా. పుస్తకం పొడుగునా ఇదే వరస. పనికి వెళ్లి వచ్చినవాళ్లు కూడా తాము పడ్డ భయం గురించీ, తాగిన వోద్కా గురించీ, తిరిగి వచ్చాక భార్య చూసిన చూపు గురించీ చెబుతారు. చేతులు ఏం చేశాయో తక్కువ చెబుతారు. ఎంపిక రచయిత్రిది. ఆవిడకు కావలసింది మనసు చరిత్ర. అది సబబే.

నా పేచీ ఇంకోచోట. లిక్విడేటర్ల సంఘంలో పని చేసే ఒకాయన స్వగతంలో ఈ వాల్వుల సంగతి వస్తుంది. నీళ్లలోకి మునిగేవాళ్లు కావాలన్నారట. కారిస్తాం, ఇల్లిస్తాం, కుటుంబాన్ని చూసుకుంటాం అన్నారట. కుర్రాళ్లు ముందుకొచ్చి చాలాసార్లు మునిగి ఆ పని చేశారట. ఆ మనుషులిప్పుడు లేరు, కాగితాలే మిగిలాయి అంటాడు ఆయన.

జరిగింది వేరు. ఆ ముగ్గురూ అలెక్సీ అనానెంకో, వలేరీ బెస్పలోవ్, బోరిస్ బరనోవ్. ముగ్గురూ ఆ కేంద్రంలో ఉద్యోగులే. మే మొదటి వారంలో అగ్నిమాపక దళం వాళ్లు నేలమాళిగ వరండాల్లో నిలిచిన నీటిని ముందే చాలావరకు తోడేశారు. వీళ్లు వెళ్లేటప్పటికి నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. మునగలేదు, ఈదలేదు, నడిచారు. గొట్టం వెంబడి పోతే వాల్వు వస్తుందని తెలుసు, అలాగే పోయారు. బిగుసుకుపోయి ఉంటాయేమోనని భయపడ్డారు, తిరిగాయి. నీళ్లు దిగే చప్పుడు విని వెనక్కి వచ్చారు. తన షిఫ్టు కాబట్టీ, వాల్వులు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టీ వెళ్లానని అనానెంకో తరవాతి కాలంలో చెప్పాడు. మావాడి మాటే! బరనోవ్ 2005 దాకా బతికాడు. 2018లో ఉక్రెయిన్ ప్రభుత్వం ముగ్గురికీ పతకాలిచ్చినప్పుడు మిగతా ఇద్దరూ జీవించే ఉన్నారు.

ఇది ఎవరికీ తెలియని రహస్యమా అంటే కాదు. 1986 మేలోనే అనానెంకో మాటలు సోవియట్ పత్రికల్లో అచ్చయ్యాయి. అయినా ముప్పై ఏళ్ల పాటు దేశదేశాల్లో వాళ్లు చనిపోయారనే రాశారు. సీసం పెట్టెల్లో పెట్టి పూడ్చారనీ రాశారు. వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో ఆ ముగ్గురూ చస్తూనే ఉన్నారు. బతికున్న మనిషి తన చావు గురించి పదేపదే చదువుకోవడం ఎలా ఉంటుందో ఏ రచయితా వెళ్లి అడిగినట్టు లేదు.

ఇలా ఎందుకవుతుందో మనకు బాగానే తెలుసు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల మిత్రులకు నేను వీరగల్లుల సంగతి చెప్పనక్కరలేదు. చెరువు గట్టున, పొలం గట్టున ఎన్ని రాళ్లు! ఆవుల్ని విడిపించబోయి పడిపోయినవాడికి రాయి ఉంది. ఆవుల్ని విడిపించి తోలుకొచ్చి, పాలు పిండుకుని, ముసలివాడై మంచంలో పోయినవాడికి రాయి లేదు. కథకు చావు కావాలి. అలెక్సీవిచ్ గారి పుస్తకంలోని ఆ మనిషి అబద్ధం చెప్పలేదు, తాను విన్న వీరగల్లును చదివి వినిపించాడు. సాక్ష్యం అంటే నిజం ఒక్కటే కాదు, జనం నమ్మింది కూడా సాక్ష్యమే అని ఆవిడ తరఫున ఎవరైనా వాదించవచ్చు. ఒప్పుకుంటాను. అయితే అది నమ్మకం అని పాఠకుడికి తెలియాలి. ఆవిడ ఈ పుస్తకాన్ని తరవాత సవరించి పెంచింది కూడా. సవరించే చేతికి ఇది అందని పని కాదు.

ధారావాహిక తీసినవాళ్లను ఇక్కడ మెచ్చుకోవాలి. నాటకం కోసం ముగ్గుర్నీ లేచి నిలబెట్టినా, చివరి భాగం చివర, వాళ్లు చావలేదని తెర మీద రాసి చూపించారు. లుద్మిలా విషయంలో మాత్రం ఆ శ్రద్ధ లేదు. రోగి ఒంటినుంచి రేడియేషన్ వచ్చి పక్కనున్నవాళ్లను కాల్చేస్తుందన్న భావాన్ని పుస్తకం నుంచి అలాగే ఎత్తుకున్నారు. బట్టలు విప్పి ఒళ్లు కడిగాక అలాంటి రోగి పక్కన కూర్చున్నవాళ్లకు ప్రమాదం చాలా తక్కువ. తెరలు కట్టేది రోగికి మన సూక్ష్మజీవులు సోకకుండా. ప్రమాదం ఉన్నది ఆ బట్టల్లో. ప్రిప్యాత్ ఆసుపత్రి నేలమాళిగలో పడేసిన అగ్నిమాపకుల దుస్తులు దశాబ్దాల తరవాత కూడా రేడియేషన్ చిమ్ముతూనే ఉన్నాయి. ఆ తల్లి తన బిడ్డ చావును ఎలా అర్థం చేసుకుందో అది ఆమె దుఃఖం, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. తెర మీద వైద్యంగా చూపించినప్పుడు మాత్రం తప్పు పట్టాలి. అణుకేంద్రాల పక్క ఊళ్లలో సంబంధం కుదుర్చుకోవడానికి కూడా జనం వెనకాడటం నేను ఎరుగుదును.

ఇక పని గురించి రాసిన పుస్తకం. గ్రిగోరీ మెద్వెదేవ్ ఇంజనీరు, చెర్నోబిల్ కేంద్రంలోనే 1970ల మొదట్లో పని చేసినవాడు. ఆయన "చెర్నోబిల్ నోటుపుస్తకం" 1989లో సోవియట్ సాహిత్య పత్రిక "నోవీ మీర్"లో వచ్చింది. వచనం మోటు. కోపం ఎక్కువ. ఎవడు దోషి అన్నది ముందే తేల్చుకుని కూర్చున్నాడేమో అనిపిస్తుంది. కాని గది గదికీ మనల్ని తీసుకుపోతాడు. ప్రతి మనిషికీ ఒక ఉద్యోగం పేరు ఉంటుంది, ప్రతి చేతికీ ఒక పనిముట్టు ఉంటుంది.

1986లో రేడియేషన్ జబ్బుతో చనిపోయినవాళ్లు 28 మంది. అందులో అగ్నిమాపకులు ఆరుగురే. మిగతావాళ్లలో ఎక్కువమంది కేంద్రంలో పనివాళ్లు, ఎలక్ట్రీషియన్లు, టర్బైన్ హాలు మనుషులు. టర్బైన్లలోని నూనెను బయటికి వదిలి, జనరేటర్లలో హైడ్రోజన్ తీసి నత్రజని నింపకపోతే ఆ మంట మూడో రియాక్టరు దాకా పాకేది. ఎలక్ట్రికల్ విభాగం ఉపాధికారి అలెగ్జాండర్ లెలెచెంకో, 47 ఏళ్లవాడు, కుర్ర ఎలక్ట్రీషియన్లను పంపకుండా హైడ్రోజన్ సరఫరా ఆపడానికి తానే మళ్లీ మళ్లీ వెళ్లాడు. సెలైన్ ఎక్కించుకుని తిరిగి పనికి వచ్చాడు. మే 7న కీవ్‌లో పోయాడు. లోకానికి ప్రవిక్, కిబెనోక్, ఇగ్నాతెంకో తెలిసినంతగా లెలెచెంకో తెలియడు. మంట కనపడుతుంది, నీటి గొట్టం కనపడుతుంది. హైడ్రోజన్ వాల్వు కట్టేయడం కంటికి ఆనదు. అయినా మెద్వెదేవ్ దాన్ని రాశాడు.

ఆయనే ఇంకొకటి కూడా రాశాడు, దాన్ని మావాడికి చదివి వినిపించాను. షిఫ్టు అధికారి అకిమోవ్, రియాక్టరు నడిపిన కుర్రవాడు తొప్తునోవ్ ఆ రాత్రి రియాక్టరుకు నీళ్లు పంపే వాల్వుల దగ్గరికి వెళ్లారు. ఎక్కడున్నాయో వాళ్లకు బాగా తెలుసు. చేత్తోనే తిప్పారు. అప్పటికి ఆ నీళ్లు పోవలసిన రియాక్టరు లేదు. విరిగిన గొట్టాల్లోంచి నీళ్లు కింది గదుల్లోకి దిగిపోయాయి. అకిమోవ్ మే 11న, తొప్తునోవ్ మే 14న చనిపోయారు. రియాక్టరు పోయిందని బయట నేల మీద పడ్డ గ్రాఫైట్ ముక్కలు చెబుతూనే ఉన్నాయి. చేతిలో ఉన్న కొలత యంత్రం గంటకు 3.6 రాంట్‌జెన్ అంటోంది. ఆ యంత్రం అంతకుమించి చూపలేదు. పైవాళ్లు ఆ అంకెనే పట్టుకుని ఇంకా పైవాళ్లకు చెప్పారు. పక్కనే ఉన్న ప్రిప్యాత్‌లో దాదాపు యాభైవేల మందిని మర్నాడు మధ్యాహ్నం దాకా కదిలించలేదు.

విని మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "మీటరు ఎంతవరకు చూపిస్తుందో కూడా తెలియాలి" అన్నాడు.

వాడి సంగతి ఒకటి చెప్పాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు వాడు డ్యూటీలో ఉన్నాడు. సముద్రం పంపుహౌసులోకి వచ్చింది, నడుస్తున్న రెండో యూనిట్‌ను క్షేమంగా ఆపేశారు. ఆ రోజు గురించి వాడు చెప్పేదంతా పంపుల గురించే: ఏది మునిగింది, ఏది ఆగింది, ఏది నడిచింది. కోడలు చెప్పేది వేరు. టౌన్‌షిప్పులో పిల్లవాడిని చంకనేసుకుని పక్కింటి మేడ ఎక్కింది. కిందికి చూస్తే రోడ్డు లేదు. చీకటి పడేదాకా మొగుడి కబురు లేదు. రాత్రి తడిసిన ప్యాంటుతో వచ్చి "అన్నం ఉందా?" అన్నాడట. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఆ రోజును చెబుతూనే ఉన్నారు, ఒకరి కథలోకి ఒకరు రారు. లుద్మిలా స్వగతాన్నీ మెద్వెదేవ్ నోటుపుస్తకాన్నీ నేను ఇప్పుడు పక్కపక్కన పెట్టి చదువుతున్నది అందుకే. ఒక్కటే చదివితే ఇల్లు గాని పంపుహౌసు గాని మాయమైపోతుంది.

పైకప్పు ఘట్టం గురించి విడిగా రాయాలనుకున్నాను, చోటు చాలదు. ఆ శరదృతువులో పైకప్పు మీద పడ్డ గ్రాఫైట్‌ను తోయడానికి తెచ్చిన యంత్రాలు చెడిపోయాయి. మూడువేలమందికి పైగా మనుషుల్ని పంపారు, ఒక్కొక్కరికి ఒకటి రెండు నిమిషాలు. పార ఎత్తి, రెండుసార్లు విసిరి, పరుగు. వాళ్లను "జీవ రోబోలు" అన్నారు. మొత్తం శుభ్రం చేసే పనుల్లో పాల్గొన్న ఆరు లక్షల మందికి దొరికిన పేరు లిక్విడేటర్లు. ఈ మాటకు తెలుగేమిటని చాలా ఆలోచించాను. "నిర్మూలకులు" అంటే ఎవరినో చంపబోయేవాళ్లలా ఉంది. "త్యాగమూర్తులు" అంటే మళ్లీ వీరగల్లే. మా వైపు కూలీనాలీ జనం అయితే "పనికి పోయినోళ్లు" అంటారు. నాకు అదే నచ్చింది.

మన పాఠకుల్లో ఎవరైనా అలెక్సీవిచ్ గారి పుస్తకాన్ని తెలుగు చేయబూనితే నాదొక కోరిక. ఆ సంఘం మనిషి స్వగతాన్ని ముట్టుకోవద్దు, ఆయన చెప్పినట్టే ఉంచండి. పేజీ అడుగున మాత్రం చిన్నక్షరాల్లో ఒక పంక్తి వేయండి: అనానెంకో, బెస్పలోవ్, బరనోవ్, ముగ్గురూ వాల్వులు తిప్పి తిరిగి వచ్చారు.