పట్టా – సనద్: ఇస్లామీయ వాస్తుకళా విద్యపై ఒక పరిశీలన

మదరసాలో ‘సనద్’ అనే మాట రెండు అర్థాలలో వినిపిస్తుంది. చదువు ముగించినవాని చేతికిచ్చే యోగ్యతాపత్రం ఒకటి. ఆ చదువు ఎవరి నుండి ఎవరికి అందుతూ వచ్చిందో పేరుపేరునా చెప్పే పరంపర మరొకటి. పరంపర తెగిపోతే పత్రానికి విలువ లేదు. హదీసు విద్య నేర్చినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఇస్లామీయ వాస్తుకళను బోధించే నేటి విశ్వవిద్యాలయాన్ని కూడా ఈ గీటురాయిపైనే పరీక్షించవచ్చును.

ఇట్టి ఉన్నత విద్యకు పేరుపొందిన కేంద్రం అమెరికాలో ఉన్నది. ఇస్మాయీలీల ఇమాము నాలుగవ ఆగా ఖాన్ (మరణం 2025) ఇచ్చిన నిధితో 1979లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోను, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోను ఇస్లామీయ వాస్తుకళా అధ్యయన కార్యక్రమం ఏర్పడినది. హార్వర్డులో డాక్టరేటు పరిశోధన సాగుతుంది. మసాచుసెట్స్ సంస్థలో రెండేళ్ల మాస్టర్స్ పట్టా ఉన్నది.

ఈ కార్యక్రమం చేసిన మేలును ముందుగా ఒప్పుకోవాలి. హార్వర్డులో ఆగా ఖాన్ ఆచార్యపీఠాన్ని మొదట అధిష్ఠించిన ఓలెగ్ గ్రాబర్ 1983లో ‘ముఖర్నస్’ అనే వార్షిక సంచికను ప్రారంభించారు. మసీదులు, మదరసాలు, సరాయిలు, వాటిని పోషించిన వక్ఫులు గంభీరమైన చరిత్ర పరిశోధనకు విషయాలైనవి. అసలు ‘ఇస్లామీయ వాస్తుకళ’ అంటే ఏమిటన్న ప్రశ్ననే మసాచుసెట్స్ సంస్థ ఆచార్యుడు నాసర్ రబ్బాత్ 2012లో ఒక వ్యాసానికి శీర్షికగా పెట్టారు. ఒక విద్యాపీఠం తన పేరునే ప్రశ్నకు పెట్టుకోగలగడం మెచ్చదగిన గుణం.

అయితే లోపం ఎక్కడ? హార్వర్డు ఆచార్యురాలు గుల్రు నెజిపోలు 1995లో ప్రకటించిన గ్రంథమే దానికి దారి చూపుతుంది. ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ రాజప్రాసాద గ్రంథాలయంలో ఉన్న ఒక పొడవాటి కాగితపు చుట్టను ఆమె అందులో పరిశీలించారు. అందులో 114 నమూనాలున్నవి. వాటిని ఎలా గీయాలో, ఎలా కట్టాలో చెప్పే వివరణ మాత్రం లేదు. ఎందుకు లేదు? ఆ చుట్టను విప్పి చూసేవారికి ఆ సంగతి ముందే తెలుసు. ఉస్తాదు చేయి పట్టి నేర్పినదానిని కాగితంపై మళ్లీ చెప్పనక్కరలేదు. గీత గ్రంథాలయానికి చేరింది. వివరణ షాగిర్దుల చేతులలోనే ఉండిపోయింది.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫత్‌హీ అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఆయన 1926లో కైరోలో పట్టా పుచ్చుకొన్నారు. కాని మట్టి ఇటుకలతో కప్పు వేయబోతే అది కూలిపోయింది. 1941లో అస్వాన్ ప్రాంతానికి వెళ్లి, నూబియా మేస్త్రీలు కింద కొయ్య ఆసరా లేకుండానే కమాను కప్పులు వేయడం చూశారు. పట్టా నేర్పనిది ఆ మేస్త్రీల వద్ద దొరికింది.

విశ్వవిద్యాలయంలో నేటికీ పట్టాకు గీటురాయి సిద్ధాంత వ్యాసమే. పుటలు చూచి పరీక్షకుడు తీర్పు చెబుతాడు. ఆ పుటలలోని సమాచారం ఏ మేస్త్రీ నోటి నుండి వచ్చిందో, అతడు ఎవరి శిష్యుడో అడిగే నియమం లేదు. గ్రంథకర్తలకు అధోజ్ఞాపికలు దక్కుతాయి. మేస్త్రీ ‘స్థానిక పనివాడు’గా మిగులుతాడు. హదీసు పండితుడు ఇట్టి రివాయతు చెప్పినవానిని ‘మజ్‌హూల్’ అంటాడు, ఎవరో తెలియనివాడు.

విశ్వవిద్యాలయం కార్ఖానా కాదు గదా అని సమాధానం రావచ్చును. అదీ నిజమే. గోల్కొండ వద్ద కుతుబ్‌షాహీ సమాధులకు 2013 నుండి ఆగా ఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణలో, ఇరవయ్యవ శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి సున్నపు గచ్చు వేశారు. ఏ పొర ఎప్పటిదో తేల్చడానికి చదువు కావాలి. సున్నం పాకం ఎప్పుడు కుదిరిందో తేల్చడానికి చేయి కావాలి. రెండింటిలో ఏది లేకున్నా గుంబదుకు చేటే.

ఆ చేతికి పేరు ఇవ్వడం అసాధ్యమా? అదే ఆగా ఖాన్ స్థాపించిన వాస్తుకళా పురస్కారం 1983లో మాలీ దేశపు నియోనో పెద్ద మసీదుకు లభించినప్పుడు, దానిని కట్టిన మేస్త్రీ లాసినే మింటా పేరు గౌరవంగా నమోదైనది. పురస్కారం చేసిన పనిని పట్టా చేయలేకపోవడానికి కారణం కనిపించదు. ప్రతి సిద్ధాంత వ్యాసం మొదట తాను నేర్చుకొన్న ఉస్తాదుల పరంపరను పేర్కొనాలి. పరీక్షకుల సరసన ఒక మేస్త్రీ కూర్చోవాలి.

ఇది దూరదేశపు విద్యావంతుల తగాదా అనుకోరాదు. పాత మసీదు గోడ బీటలిస్తే ముతవల్లీ ఇంజనీరును పిలుస్తాడు; ఇంజనీరు సిమెంటు వేయమంటాడు. డంగు సున్నం ఎరిగిన వృద్ధుడు అదే వీధిలో ఉన్నా అతనిని ఎవరూ అడగరు. అతనితోపాటు ఒక సనద్ ముగిసిపోతుంది. ఆ తరువాత ఎన్ని పట్టాలు వచ్చినా దానిని తిరిగి అతకలేవు.